నెత్తిన మన్ను, కాళ్ళకింద ఎల్ల

పౌర్ణమి నాటి పొద్దు పడమటికి వాలింది. కవలకొండల జంట శిఖరాలు నీలాకాశం కింద ధగధగలాడుతున్నాయి. వాటి నడుమ నెమలికనుమ నిండా మోదుగులు విరగబూసి కొండవాలుకంతా కుంకుమ చల్లినట్టుంది. ఎత్తయిన బండల మీదినుంచి దూకే శంఖధార జలపాతపు తుంపరల్లో ఇంద్రధనుస్సు కదలకుండా నిలిచింది. ఆ తుంపర తగిలే చోటల్లా కొండమల్లెలు తీగలు తీగలుగా అల్లుకుని గాలికే మత్తెక్కిస్తున్నాయి. గంధర్వులు వీణలతో దిగివచ్చి విహరించదగిన చోటు. అటువంటి చోట, కొండకావలి దళానికి నాయకుడూ, ఉత్తచేతులతో చిరుతను మట్టి కరిపించినవాడూ అయిన సింగన గొంతుకూర్చుని రోట్లో వక్క దంచుతున్నాడు.

"మెత్తగా దంచరా. పలుకు తగిలితే పన్ను కదుల్తాది," అంది నులకమంచం మీద కూచున్న మాచవ్వ.

"పిండి చేశానవ్వా. ఇంకా దంచితే గాలికి ఎగిరిపోతాది."

"ఎగిరిపోతే ఇంకో వక్క దంచు. కూర తరగనియ్యవు, పొయ్యి ముట్టనియ్యవు, నెత్తి గోక్కోనియ్యవు. ఈ మన్ను పెట్టుకున్నకాణ్ణించి తల ఒకటే దురదరా అబ్బిగా!"

నవ్వు వచ్చే మాటే గాని సింగన నవ్వలేదు. మాచవ్వ చిగురునుంచి ఒక్క రక్తపు బొట్టు రాలితే నెమలికనుమ పరాయి రాజ్యం పాలవుతుంది.

కనుమకు దక్షిణాన శాలివనం, ఉత్తరాన వజ్రదుర్గం. ఈ కొండ మాదంటే మాదని తాతల నాటినుంచీ కత్తులు దూస్తూనే ఉన్నాయి. అంత బద్ధవైరంలోనూ ఒక్క ఆచారానికి రెండూ తలవంచుతాయి. తగవు తెగనప్పుడు కొండలో పుట్టి పెరిగిన పెద్ద ఒకరు ఎర్రబట్ట కట్టి, ఎర్రగన్నేరు మాల వేసుకుని, ఎల్లరాయి మొదట్లోని మన్ను నెత్తిన పెట్టుకుని ఉత్తకాళ్ళతో నడవాలి. వాళ్ళ కాలు పడిన దారే రెండు దేశాలకూ ఎల్ల. దాన్ని ఎల్లనడక అంటారు. నడిచేవాళ్ళు పరుగెత్తకూడదు, వెనుదిరిగి చూడకూడదు. కాలు ఎక్కడ ఆగితే ఎల్ల అక్కడే ఆగుతుంది. అమావాస్యకు నెత్తికెక్కిన మన్ను పౌర్ణమి పొద్దుగుంకేదాకా దిగకూడదు. ఆలోగా మన్ను రాలినా, ఇల్లు కాలినా, మనిషి ఒంటినుంచి రక్తం చిందినా ఆ నడక అబద్ధమని దైవం చెప్పినట్టే. అయితే సాక్షుల కళ్ళెదుట నడకమనిషి మీద చెయ్యి చేసుకున్న పక్షం కూడా అక్కడికక్కడే వాదం ఓడిపోతుంది.

ఆ సాక్షులు ఇద్దరూ గడపలోనే ఉన్నారు. శాలివనం తరఫున వచ్చిన సోమయాజి గోడకు చేరగిలబడి గుర్రు పెడుతున్నాడు. వజ్రదుర్గం తరఫున వచ్చిన దళవాయి వీరకంఠుడు మాత్రం రెప్ప వెయ్యకుండా నిలబడి ఉన్నాడు. మీసాలు చెవులదాకా, చెప్పులకు ఇనుప మేకులు. ఆయన అడుగేస్తే కిర్రు కిర్రుమని కనుమంతా వినబడుతుంది. వచ్చిన మొదటిరోజే ఆయన వంతెన దగ్గర ఎల్లరాయి మీద కాలు పెట్టి చెప్పు బిగించుకోబోయి మాచవ్వ చేత చీవాట్లు తిన్నాడు.

"కన్నతల్లి రొమ్ము మీద కాలు పెడతావా? తియ్!" అని ఆమె అరిచిన అరుపుకి అంతటి దళవాయీ తడబడ్డాడు.

"మా దేశంలో ఎల్లరాయి గుర్రమెక్కే మెట్టమ్మా. కాలు పెడితేనే మగవాడంటారు," అని గొణిగాడు గాని, ఆ రోజునుంచీ ఆ రాయిని చుట్టు తిరిగి పోతున్నాడు.

అమావాస్య నాడు మాచవ్వ నడిచింది. కనుమ శాలివనానిదేనని తేలింది. అప్పటినుంచి నులకమంచంలో తేళ్ళు, పాలలో విషపు పసరు, ఉన్నట్టుండి ఇంటిమీదికి దొర్లివచ్చే బండలు! ఇవన్నీ ఎవరి పన్నాగమో సింగనకు తెలుసు. వజ్రదుర్గం రాజు చేరదీసిన ధూమజటుడనే మాంత్రికుడు, కోపం వస్తే జడలనుంచి పొగలు కక్కే పాపాత్ముడు, లోయకు అవతల నల్లగని తవ్విస్తున్నాడు. కనుమ చేజిక్కితే ఇక్కడి పల్లెలన్నిటినీ ఆ గనిలోకి తోలుకోమని రాజు వాడికి మాట ఇచ్చాడు. కిందటి వానాకాలంలోనే, మేకలు మేపుతున్న జనాన్ని కొందరిని పట్టుకుపోయారు. వాళ్ళలో మాచవ్వ కూతురు తిప్పక్క ఉంది. ఎల్లరాయి పక్కన ఎవరో వదిలేసిపోయిన పసిగుడ్డును ఎత్తుకుని, చనుబాలిచ్చి, ఇంత వాణ్ణి చేసిన తల్లి ఆమె. ఆ పసిగుడ్డు సింగనే.

"నా నడక సగమేరా సింగా," అంది మాచవ్వ వక్క నోట్లో వేసుకుంటూ. ఈ మాట ఆమె రోజూ అంటూనే ఉంది. "ఆ పొద్దు వజ్రదుర్గమోళ్ళు వంతెన ఎత్తేసినారు. మన్ను దిగేలోగా ఆగినకాణ్ణించి ఒక్కసారి మళ్ళా నడవొచ్చు. మా నాయన నడిచిన ఎల్ల అవతలి గట్టుమీదికి పోతాది. వంతెన దిగి, ఎర్రబండను కుడిచేతికి వేసుకుని, గుహలో దూరి, ఊట పుట్టేచోటు తొక్కి, పడమటి నోట బయటికి రావాల. ఆ గుహలోనే గదా ఆ పొగజడలోడు గని తవ్వుకునింది! నా బిడ్డ మన గడ్డమీదే బందీగా పడుండాది."

సింగన జవాబు చెప్పేలోగా నేలమీద పెద్ద నీడ పరుచుకుంది. తల ఎత్తి చూస్తే ఏముంది! ఎద్దంత రాకాసిగద్ద, కాళ్ళ నడుమ భగభగ మండుతున్న కొరివి పట్టుకుని ఇంటి కప్పు మీదికి దూసుకొస్తోంది. బోదగడ్డి కప్పు. రవ్వ పడితే చాలు.

సింగన కుడితితొట్టిలో నానుతున్న కంబళిని లాగి, మంచంకోడు మీద ఒక కాలు, చూరు మీద ఒక కాలు వేసి కప్పు మీదికి ఎగిరాడు. గద్ద కొరివి వదిలింది. తడికంబళి విప్పి పరిచి, కొరివిని గాలిలోనే ఒడిసిపట్టి, మూటలా చుట్టి, దానితోపాటే కప్పు మీదినుంచి కుడితితొట్టిలోకి దూకేశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. గద్ద గుడ్లురిమి చూసి, రెక్కలు టపటపలాడించి, అవతలి గట్టుకు ఎగిరిపోయింది.

"ఆఁ? ఏమైంది, ఏమైంది?" అంటూ సోమయాజి లేచి కూచున్నాడు.

"గద్ద వచ్చింది. ఇల్లు కాలలేదు," అన్నాడు వీరకంఠుడు. అంతే అన్నాడు.

సింగన కుడితి తుడుచుకుంటుండగానే గుర్రపు డెక్కల చప్పుడైంది. తెల్లగుర్రం, జరీ తలపాగా, వెనకాల పట్టుతెరల పల్లకి. శాలివనం యువరాజు వసంతధ్వజుడు! సింగన ప్రాణం లేచివచ్చింది. యువరాజు సామాన్యుడు కాడు, చిన్నప్పుడు తనతో కలిసి కత్తిసాము నేర్చినవాడు.

"సింగనా, ఎంత శ్రమపడ్డావయ్యా! ఇక నిశ్చింతగా ఉండు," అన్నాడు యువరాజు గుర్రం దిగి. "పొద్దుగుంకే వేళకు అవ్వను ఇద్దరు రాజులకూ చూపాలి కదా. ఈసారి గుడారం వంతెన అవతల వేశారు. ఆలస్యం చెయ్యవద్దు."

"వంతెన దించినారా?" అంది మాచవ్వ చప్పున.

"దించారవ్వా."

ముసలమ్మ కళ్ళలో ఏదో మెరిసింది. మరుక్షణం ఆమె పల్లకిలో ఉంది. సింగన పక్కన నడిచాడు. సాక్షులిద్దరూ వెంట నడిచారు. మోదుగుల నీడలో, పూలు రాలిన దారిలో పల్లకి గాలిలో తేలినట్టే పోతోంది. కొంతదూరం పోయాక తెరలోంచి మాచవ్వ తల బయటికొచ్చింది.

"ఒరే సింగా, ఈ బోయీలు మూగోళ్ళా? ఓహోం ఓహోం అనకుండా మోస్తాంటే పీనుగను మోసినట్టుండాది."

సింగన బోయీలవంక చూశాడు. ఒక్కడికీ చెమట పట్టలేదు. ఒక్కడూ ఆయాసపడలేదు. మంచి దిట్టమైన మనుషుల్ని ఏరుకున్నాడు యువరాజు అనుకున్నాడే తప్ప, అసలు సంగతి అతని బుర్రకు తట్టలేదు. ఆనందంలో మనిషి కళ్ళకు గంతలు కట్టుకునే ఉంటాడు.

వంతెన కనబడింది. ఇటు చివర ఎల్లరాయి, పసుపు పూసి, బొట్లు పెట్టి, మొదట్లో ఎవరో పెట్టిపోయిన మొదటి ముద్ద అన్నంతో ఉంది. యువరాజు గుర్రాన్ని చెట్టుకు కట్టాడు. చెప్పు వారు వదులైనట్టుంది. కాలెత్తి ఎల్లరాయి నడినెత్తిన పెట్టి, తీరిగ్గా వంగి బిగించుకున్నాడు.

సింగన అది చూశాడు. శాలివనంలో పాకే పాప కాలు తెలియక తగిలినా తల్లి లెంపలు వేయించి రాయికి మొక్కిస్తుంది. అమావాస్య నాడు ఇదే యువరాజు ఇదే రాయికి చెప్పులు విప్పి, పసుపునీళ్ళు పోసి, మోకాళ్ళ మీద మొక్కాడు. వీడు వసంతధ్వజుడు కాడు! మరి చెమట పట్టని ఈ బోయీలు? కత్తి మీదికి పోయిన చేతిని సింగన బలవంతాన వెనక్కి తీసుకున్నాడు. వీరకంఠుడి చెయ్యి కూడా మీసం మీదే ఆగిపోయింది. ఆయనా చూశాడు.

తెరవెనకనుంచి మాచవ్వా చూసింది.

"ఒరే సింగా, దించమను. చెంబు తీసుకో. బండ చాటుకు పోవాల."

"ఇప్పుడా!" అన్నాడు దొంగ యువరాజు విసుగ్గా.

"వయసు మీదపడ్డాక పిలుపు ఎప్పుడొస్తే అప్పుడే పోవాల నాయినా. నీకూ వస్తాదిలే ఆ వయసు. సాక్షులు కూడా రాండి, నడకమనిషిని కనిపెట్టుకుని ఉండాల్సినోళ్ళు మీరే గదా! మొగం అటు తిప్పుకుని నిలబడుదురు."

బండ చాటుకు చేరగానే సింగన ఆమె చెవిలో, "అవ్వా, వాడు ధూమజటుడు. నిన్ను వీపున వేసుకుని మేకదారిన పరుగెత్తుతాను, పట్టుకో," అన్నాడు.

"పట్టుకోను. ఇన్నాళ్ళకు వంతెన దించినారు. ఇప్పుడు ఎక్కకపోతే ఇంకెప్పుడెక్కుతాం?"

"నడివంతెనలో పడేస్తాడు!"

"నన్ను పడేస్తే చస్తా. నిన్ను పడేస్తే చావవు, కోతి పుటక నీది." ఆమె గబగబా గన్నేరు మాల తీసి అతని మెడలో వేసింది. "దళవాయీ, ఇటు తిరుగు. సోమయ్యా, నువ్వూ తిరుగు. నడవలేని పెద్దోళ్ళు సొంత చేత్తో మన్ను వారసుడి నెత్తిన పెట్టొచ్చునా లేదా?"

"ఆచారంలో ఉంది," అన్నాడు వీరకంఠుడు.

"వీడు నా కూతురి పాలు తాగినోడు. వారసుడేనా?"

"వారసుడే."

మాచవ్వ కొప్పు కింద ఆకులో దాచిన మన్ను తీసి సింగన నెత్తిన పెట్టి గట్టిగా అదిమింది. ఇంతసేపూ గయ్యాళిగా మాట్లాడిన మనిషి మెల్లగా అంది. "పడనీకు సింగా. ఇంక నీ ఒంట రక్తం కూడా నీది కాదు. నా బిడ్డను తీసుకురా."

"తెస్తానవ్వా. కాని అసలు యువరాజు..."

"బతికే ఉంటాడు. చచ్చినోడి రూపు మాంత్రికులకు పట్టుబడదు. పో!"

ఆమె కట్టుకున్న ఎర్రచీర అతనికి, అతని కంబళి ఆమెకు మారాయి. సోమయాజి నోరు తెరిచి ఏదో అనబోయి మూసుకున్నాడు. సాక్షి చూసింది అడిగిన చోట చెప్పాలే గాని అడగకుండా చెప్పకూడదు. వీరకంఠుడి మీసం మాత్రం ఒకసారి అదిరింది. అది కోపమో నవ్వో సింగనకు అంతుపట్టలేదు.

కొంగు ముక్కుదాకా లాక్కుని, నడుం వంచి, మూలుగుతూ వచ్చి సింగన పల్లకిలో పడ్డాడు.

"నీ మనవడేడి?" అన్నాడు దొంగ యువరాజు.

"మేకలు చెదిరినాయంటే తోలుకొచ్చేదానికి పోయినాడు," అన్నాడు సింగన మాచవ్వ గొంతుతో. ఆమె తిట్లు వింటూ పెరిగినవాడికి ఆ గొంతు పట్టడం ఎంత పని! "వాడు లేకపోతే నాకు కాళ్ళాడవా చేతులాడవా? పద నాయినా, ఎండ దిగిపోతాంది."

దొంగ యువరాజు పెదవుల మీద నవ్వు మెదిలింది. వాడు ముందు దాటాడు. కిర్రు కిర్రుమంటూ వీరకంఠుడు దాటాడు. సోమయాజి కింద లోయలోకి తొంగిచూసి, "నాకు ఇక్కణ్ణుంచే బాగా కనబడుతుంది," అని ఎల్లరాయి పక్కనే చతికిలబడ్డాడు. పల్లకి వంతెన మీదికి ఎక్కింది. సింగన తెర సందులోంచి చూస్తూ, పల్లకిలోని బాలీసు దిండును నడుముకు కట్టుకుని, చేతులు సిద్ధంగా పెట్టుకున్నాడు.

నడివంతెనకు చేరగానే అవతలి గట్టుమీద దొంగ యువరాజు పెదవులు కదిలాయి. తాళ్ళు నల్లబడ్డాయి. మసిగుడ్డల్లా పొడిపొడిగా రాలాయి. బోయీలు కావుమని అరిచి కాకులై ఎగిరిపోయారు. వంతెన ఫెళ్ళున తెగింది. పల్లకి గిరగిర తిరుగుతూ లోయలోకి పడిపోయింది.

అది పడకముందే సింగన దూకాడు! అవతలి గట్టునుంచి వేలాడుతున్న తాడు కొసను ఒడిసిపట్టాడు. తాడు ఉయ్యాలలా ఊగి అతన్ని కొండగోడ మీదికి విసిరింది. గోడనిండా కత్తుల్లాంటి రాళ్ళు. గీరుకుంటే చాలు, కనుమ పోయినట్టే. సింగన బాలీసును రొమ్ముకు అడ్డం లాగాడు. ధబ్బుమని తగిలాడు. దూది ఎగిరింది, రక్తం చిందలేదు. తాడు మళ్ళీ ఊగి శంఖధార ధారలోకి ఈడ్చింది. చన్నీళ్ళు నిలువునా తడిపేశాయి. ఒకచేత్తో నెత్తిని కాచుకున్నాడు. ధార దాటాక తడిమి చూస్తే, నీళ్ళకు మన్ను బురదై జుట్టుకు గట్టిగా పట్టుకుని ఉంది. సింగన అంతటి లోయమీద వేలాడుతూ పకపకా నవ్వాడు.

పైన దొంగ యువరాజు గుండెలు బాదుకుంటున్నాడు. "అయ్యో అవ్వా! తాళ్ళు పుచ్చిపోయాయే! దైవం ఎంత పని చేసింది! దళవాయీ, చూశావుగా, చెప్పు! నడక అబద్ధమని చెప్పు!"

"చూస్తున్నాను," అన్నాడు వీరకంఠుడు లోయవైపు వేలు చూపి.

గట్టు అంచున మొదట ఒక చెయ్యి, ఆ తరువాత గన్నేరు మాల, ఆ తరువాత తడిసిన ఎర్రచీర, బురద నెత్తి, బారెడు నవ్వు పైకి వచ్చాయి. సింగన ఉత్తకాళ్ళతో అవతలి గట్టుమీద నిలబడి, కుడికాలు ముందుకు వేశాడు.

దొంగ యువరాజు జరీ తలపాగా కిందినుంచి సన్నగా పొగ లేచింది. తలపాగా అంటుకుంది. చక్కటి ముఖం మైనంలా జారిపోయి, దాని కిందినుంచి ధూమజటుడి ఎండు దవడలు, ఎర్రటి కళ్ళు బయటపడ్డాయి. జడలు జడలుగా పొగ! గనికాపలా భటులు హాహాకారాలు చేస్తూ ఈటెలు ఎత్తారు.

"దించండి!" అన్నాడు వీరకంఠుడు. "నేను సాక్షిని. ఈ మన్ను నా ఎదుట చేతులు మారింది. ఈ కుర్రవాడు నడకమనిషి. వీడిమీద ఎవడు చెయ్యి వేసినా వజ్రదుర్గం వాదం ఓడిపోయిందని నేనే చెప్పవలసి వస్తుంది. మన్ను ఉంది. నడక సాగుతోంది."

ఈటెలు దిగాయి. భటులు రెండువైపులకూ తప్పుకున్నారు. సింగన వాళ్ళ నడుమనుంచి నడిచాడు. ఎర్రబండ కుడిచేతికి వచ్చింది. అతను అడుగు వేసినంతమేరా వజ్రదుర్గం వెనక్కి జరుగుతోందని అందరికన్న ముందు ధూమజటుడికి అర్థమైంది.

"చెయ్యి వెయ్యనయ్యా, చెయ్యి వెయ్యను!" అని పళ్ళు నూరి వాడు నోట్లోనే మంత్రం తిప్పాడు. ఝంఝామారుతం లేచింది. మోదుగు కొమ్మలు ఫెళఫెళ విరిగాయి, భటుల తలపాగాలు లోయలోకి ఎగిరిపోయాయి. సింగన నెత్తిన బురద ఇసుమంతైనా కదలలేదు.

వాడు మళ్ళీ మంత్రం తిప్పాడు. దారి పొడవునా నేలను చీల్చుకుని ముళ్ళు మొలిచాయి, సూదులంత వాడివి. ఉత్తకాళ్ళు. ఒక్క ముల్లు, ఒక్క బొట్టు చాలు. ఆగితే ఎల్ల ఆగిపోతుంది. సింగన నడుమునుంచి బాలీసు లాగి ముందు వేశాడు. దానిమీద అడుగు. ముందుకొసను తొక్కుతూనే వెనకకొసను లాగి ముందుకు మడిచాడు. మళ్ళీ అడుగు. దూది రేగిపోతోంది, బాలీసు పల్చబడిపోతోంది. లోయ అవతలనుంచి మాచవ్వ గొంతు వినబడింది. బండ చాటున దాక్కుని ఉండమంటే ఉండే మనిషా ఆమె!

"అట్లా! అట్లా నడువు నా తండ్రీ! ఒరే పొగజడలోడా, నీ నోట్లో మన్ను బడ!"

ఆఖరి ముల్లు దాటేసరికి బాలీసు ఉత్త గలీబు అయింది. ఎదురుగా గుహ నోరు తెరుచుకుని ఉంది. లోపలినుంచి సుత్తుల చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు వినబడుతున్నాయి. సింగన ఒళ్ళు పులకరించింది. ఆ చీకట్లో ఎక్కడో తల్లి ఉంది. ఊట పుట్టేచోటు తొక్కి పడమటి నోట బయటపడితే గని మొత్తం ఎల్లకు ఇవతల, శాలివనంలో ఉంటుంది. అప్పుడిక ఆమె కాలి గొలుసు మీద ఏ రాజుకూ అధికారం లేదు. పొద్దు ఇంకా కొండమీద బారెడు ఎత్తున ఉంది.

ధూమజటుడు రెండు చేతులూ పైకెత్తి కీచుమని అరిచాడు. గుహ నెత్తిన ఉన్న రాతితలుపు గరగరమంటూ కిందికి దిగసాగింది.

పరుగెత్తితే ఒక్క దూకులో లోపల ఉంటాడు. కాని పరుగు నడక కాదు. సింగన పళ్ళు బిగించాడు. అడుగు. తలుపు తలెత్తుకు దిగింది. అడుగు. భుజాలెత్తుకు దిగింది. నెత్తిన మన్ను రాతికి తగలకుండా నడుం వంచి, మోకాళ్ళు వంచి, బాతునడకలో కిందినుంచి దాటాడు.

వెనక మాంత్రికుడి గొంతు మారిపోయింది. తేనె పూసుకుంది. "దళవాయీ, ఆగు. ఎక్కడికి? నువ్వేమీ తప్పు చెయ్యనక్కరలేదు. ఊరికే బయట నిలబడు, చాలు. సాక్షి లేని నడక నడకే కాదు. రేపు మహారాజు నీకు కోట రాసిస్తాడు."

సింగన వెనుదిరిగి చూడకూడదు. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి. ఇనుప మేకుల చప్పుడు కోసం, ఆ కిర్రు కిర్రు కోసం ప్రాణాలు చెవుల్లో పెట్టుకుని విన్నాడు. కిర్రుమనలేదు. రాతితలుపు దఢేలున నేలకు తాకింది. కటిక చీకటి కమ్ముకుంది.

చెప్పుల చప్పుడు రాలేదు. దళవాయి బయటే ఆగిపోయాడు. ఇక ఈ నడక చూసినవాడెవడు?  అయినా సింగన కాలు ఆపలేదు. అవ్వ నడువు అంది. కాలికింద నేల చల్లబడింది, తేమ తగిలింది, ఊట దగ్గరలోనే ఉంది.

సుత్తుల చప్పుడు ఆగింది. గొలుసులు గలగలమన్నాయి. చీకట్లోంచి ఒక చెయ్యి, అరిగిపోయి గరుకెక్కిన చెయ్యి, ఎర్రచీర కొంగును తడిమింది. గన్నేరు మాలను తడిమింది.

"అమ్మా? నువ్వేనా అమ్మా?"

తిప్పక్క గొంతు! ఆగి, కావలించుకుని, భోరున ఏడవాలని సింగనకు ప్రాణం కొట్టుకుంది.

"నేనమ్మా, సింగాను. ఆగకూడదు, ఎల్లనడకలో ఉన్నాను. కొంగు పట్టుకుని నాతో నడువు. అందర్నీ నడవమను."

"ఎల్లనడకా? సాక్షి ఏడి నాయినా?"

సింగన ఇంకో అడుగు వేశాడు. గొలుసుల చప్పుడు ఒకటి, ఇంకొకటి, ఇంకెన్నో, అతని వెనక వరసగా కదిలాయి. వాటన్నిటికీ వెనకనుంచి, చీకట్లో, పొడి గొంతు ఒకటి పలికింది.

"సాక్షి చెబుతున్నాడు. మన్ను ఉంది. నడక సాగుతోంది."

దళవాయి వీరకంఠుడు చెప్పులు బయట విడిచి వచ్చాడు.